ప్రమాదం ముగిసినా వీడని భయం: రైల్వే సిబ్బందిలో ఆఘాతానంతర ఒత్తిడి, దానిని ఎదుర్కొనే మార్గాలు

బెల్తరా (బిలాస్‌పూర్): 2025 నవంబరు 4వ తేదీ సాయంత్రం నాలుగు గంటల ప్రాంతంలో గేవ్‌రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెము ప్యాసింజర్ రైలు, లాల్‌ఖదాన్ సమీపంలో పట్టాలపై నిలిచి ఉన్న గూడ్సు బండిని వెనుక నుంచి ఢీకొంది. లోకో పైలట్‌తో సహా కనీసం 11 మంది మరణించారు. సుమారు 20 మంది గాయపడ్డారు. పట్టాలను చక్కదిద్ది రాకపోకలను పునరుద్ధరించడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. కానీ ఆ పెట్టెల నుంచి ప్రాణాలతో బయటపడినవారి మనసు, వారిని బయటికి తీసినవారి మనసు, అదే మార్గంలో మళ్లీ బండి నడపవలసి వచ్చినవారి మనసు అంత త్వరగా యథాస్థితికి రావు.

ఇటువంటి సంఘటనల తర్వాత కొందరిలో కొనసాగే మానసిక స్థితిని వైద్యులు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. వాడుకలో అది పీటీఎస్‌డీ. తెలుగులో దీనిని ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత అనవచ్చు. ఇది పిరికితనం కాదు, మనోదౌర్బల్యం అంతకన్నా కాదు. చికిత్సకు లొంగే వ్యాధి. అయినప్పటికీ రైలు నడిపే ఉద్యోగి దీనిని బయటపెట్టడానికి జంకుతాడు. దాచినకొద్దీ అది అతనికే కాక, అతని వెనుక పెట్టెల్లో కూర్చున్న వందలమందికీ ప్రమాదకరమవుతుంది.

రైల్వే పట్టణం, తెలుగు కుటుంబాలు

బిలాస్‌పూర్ రైలు చుట్టూ పెరిగిన పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో జంక్షన్‌గా రూపొందిన ఈ పట్టణం, 2003 ఏప్రిల్ నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రంగా ఉంది. కోర్బా ప్రాంతపు బొగ్గు ఈ మార్గాల మీదుగానే దేశంలోని విద్యుత్ కేంద్రాలకు చేరుతుంది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి రైల్వే ఉద్యోగాలకు వచ్చి, రెండు మూడు తరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు రైల్వే కాలనీలలోను, పరిసర ప్రాంతాలలోను కనిపిస్తాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, కార్యాలయంలో హిందీ మాట్లాడే ఈ కుటుంబాలకు మనసులోని బాధను ఏ భాషలో చెప్పుకోవాలన్నది చిన్న విషయం కాదు.

తెలుగులో ఈ స్థితికి దగ్గరగా వచ్చే మాటలు లేకపోలేదు. 'దడుచుకున్నాడు', 'జడుసుకున్నాడు', 'గుండె చెదిరింది' వంటివి తరతరాలుగా ఉన్నవే. పసిపిల్లలు జడుసుకుంటే తాయెత్తు కట్టించడం ఇప్పటికీ అనేక ఇళ్లలో ఆచారం. ఈ మాటలు భయం కలిగిన క్షణాన్ని చెబుతాయి. నెలలు గడిచినా ఆ క్షణం మళ్లీ మళ్లీ తిరిగి రావడాన్ని చెప్పే మాట మాత్రం వాడుకలో స్థిరపడలేదు. పేరు లేని బాధను ఇంటివారు 'కోపిష్టి అయ్యాడు', 'తాగుడు మరిగాడు', 'ఎవరితోనూ కలవడం లేదు' అని వేర్వేరు దోషాలుగా లెక్కిస్తారు. అవన్నీ ఒకే మూలం నుంచి పుట్టి ఉండవచ్చునన్న సంగతి తెలియడమే ఉపశమనానికి మొదటి మెట్టు.

ఈ వ్యాధిని మొదట గుర్తించింది రైలు ప్రమాదాలలోనే

పీటీఎస్‌డీ అనగానే యుద్ధాలు, సైనికులు గుర్తుకు వస్తారు. వైద్యశాస్త్రం దీనిని తొలిసారి విస్తృతంగా చర్చించింది మాత్రం రైలు ప్రమాదాల సందర్భంలో. 19వ శతాబ్దం మధ్యలో బ్రిటన్‌లో రైలు ప్రమాదాల నుంచి పైకి దెబ్బలేవీ లేకుండా బయటపడినవారు నిద్రలేమి, వణుకు, పీడకలలు, పని చేయలేకపోవడం వంటి బాధలతో వైద్యుల వద్దకు రాసాగారు. లండన్ శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్ ఎరిక్సన్ 1866లో ఈ లక్షణాలపై ప్రసంగాలను గ్రంథంగా ప్రచురించారు. వెన్నెముకకు తగిలిన అదురే కారణమని ఆయన భావించారు. అందువల్ల ఈ స్థితికి 'రైల్వే స్పైన్' అనే పేరు వ్యాపించింది. ఒక రైల్వే కంపెనీకి శస్త్రవైద్యుడిగా పనిచేసిన హెర్బర్ట్ పేజ్ 1883లో ఆ వాదాన్ని ఖండిస్తూ, అనేక సందర్భాలలో తీవ్రమైన భయమే ఈ లక్షణాలను కలిగించగలదని రాశారు. ఆ చర్చ వెనుక నష్టపరిహారపు వ్యాజ్యాలు కూడా ఉన్నాయి. గాయం నిజమా, నటనా అన్న అనుమానం ఈ వ్యాధిని తొలినాళ్ల నుంచే వెంటాడింది.

ప్రసిద్ధ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ వద్ద జరిగిన రైలు ప్రమాదంలో చిక్కుకున్నారు. పది మంది మరణించిన ఆ ప్రమాదంలో క్షతగాత్రులకు ఆయన స్వయంగా సహాయం చేశారు. ఆ తర్వాత జీవితాంతం రైలు ప్రయాణమంటే ఆయనకు భయం వదలలేదు. ప్రయాణం మధ్యలో ఉన్నట్టుండి వణుకు పుట్టేది. ఆ కాలంలో దానికి సరైన పేరు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీనినే 'షెల్ షాక్' అన్నారు. వియత్నాం యుద్ధానంతరం 1980లో అమెరికా మనోవైద్య సంఘం తన రోగనిర్ధారణ గ్రంథంలో పీటీఎస్‌డీ అనే పేరును చేర్చడంతో దానికి అధికారిక గుర్తింపు లభించింది.

ఎవరికి వస్తుంది, ఎంతమందికి వస్తుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో సుమారు 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకసారి తీవ్ర ఆఘాతం కలిగించగల సంఘటనను ఎదుర్కొంటారు. అలా ఎదుర్కొన్నవారిలో పీటీఎస్‌డీకి లోనయ్యేవారు 5.6 శాతం మాత్రమే. అంటే ఎక్కువమంది మనసు తనంతట తానే కోలుకుంటుంది. వ్యాధికి లోనైనవారిలోనూ 40 శాతం వరకు ఏడాదిలోపు కోలుకుంటారని ఆ సంస్థ చెబుతోంది. అయితే అల్పాదాయ, మధ్యాదాయ దేశాలలో ఈ వ్యాధిగ్రస్తుల్లో చికిత్స కోరి వచ్చేది నలుగురిలో ఒక్కరే.

ప్రమాదంలో గాయపడినవారికే ఇది వస్తుందనుకోవడం పొరపాటు. కళ్లారా చూసినవారికి రావచ్చు. ఆత్మీయుల దుర్మరణ వార్త విన్నవారికి రావచ్చు. వృత్తిరీత్యా మళ్లీ మళ్లీ అటువంటి దృశ్యాలకు గురయ్యేవారికీ రావచ్చు. 2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ వద్ద జరిగిన రైళ్ల దుర్ఘటనలో 290 మందికి పైగా మరణించారు. సహాయక చర్యలలో పాల్గొన్న జాతీయ విపత్తు ప్రతిస్పందన దళ సభ్యుల్లో ఒకరికి నీరు కనిపించిన ప్రతిసారీ రక్తంలా తోస్తోందని, మరొకరికి ఆకలి నశించిందని నాటి ఆ దళ డైరెక్టర్ జనరల్ అతుల్ కర్వాల్ బహిరంగంగా వెల్లడించారు. శిక్షణ పొందిన దళాధిపతి తన సిబ్బంది బాధను సిగ్గుపడకుండా దేశానికి చెప్పడం అరుదైన విషయం. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద రెండు ప్యాసింజర్ రైళ్లు ఢీకొని 14 మంది మరణించిన సంఘటనలోనూ మృతులలో రైలు సిబ్బంది ఉన్నారు. వారితో పనిచేసినవారు అదే మార్గంలో విధులు కొనసాగించవలసి వచ్చింది.

లోకో పైలట్ల ప్రత్యేక పరిస్థితి

పెద్ద ప్రమాదాలు అరుదు. రైలు కింద మనిషి పడటం అరుదు కాదు. అనిల్ కకోద్కర్ నేతృత్వంలోని రైల్వే భద్రతా సమీక్ష సంఘం 2012లో సమర్పించిన నివేదికలో, పట్టాలు దాటుతూ ఏటా సుమారు 15,000 మంది మరణిస్తున్నారని అంచనా వేసింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2021లో రైల్వే సంబంధిత ప్రమాదాలలో 16,431 మంది మరణించారు. వారిలో అత్యధికులు రైలు నుంచి జారిపడినవారు, పట్టాలపై రైలు ఢీకొన్నవారు. ఆత్మహత్యలు ఈ లెక్కలో లేవు.

పట్టాలపై జరిగే ఇటువంటి మరణాలకు అతి దగ్గరి సాక్షి తరచుగా లోకో పైలట్ లేదా సహాయ లోకో పైలట్. వేగంగా వెళ్లే రైలుకు అత్యవసర బ్రేకు వేసినా అది ఆగడానికి వందల మీటర్లు, కొన్ని సందర్భాలలో కిలోమీటరు దూరం పడుతుంది. హారన్ మోగించడం, బ్రేకు వేయడం తప్ప చేయగలిగినది ఏమీ లేదు. ఎదుటి మనిషి ముఖం కనిపిస్తుంది. పక్కకు తప్పుకోవడానికి రైలుకు దారి ఉండదు. ఈ నిస్సహాయతే లోకో పైలట్ల అనుభవాన్ని ఇతరుల అనుభవం నుంచి వేరు చేస్తుంది. 'నేనే చంపాను' అన్న భావన బుద్ధికి అసత్యమని తెలిసినా మనసును వదలదు.

మన దేశంలో సాధారణంగా ఇటువంటి సంఘటన తర్వాత సిబ్బంది సమాచారాన్ని స్టేషన్ మాస్టరుకు అందించి, బండిని ముందుకు తీసుకువెళతారు. గమ్యం ఇంకా ఎన్నో గంటల దూరంలో ఉండవచ్చు. జర్మనీ, బ్రిటన్ వంటి దేశాలలో సంఘటన తర్వాత డ్రైవరును విధుల నుంచి తప్పించి, మానసిక సహాయం అందించే ఏర్పాటు ఉంది.

లోకో పైలట్లు మాత్రమే కాదు. పట్టాల నిర్వహణ చేసే ట్రాక్‌మెన్, గేట్‌మెన్, స్టేషన్ మాస్టర్లు, శరీర భాగాలను సేకరించే రైల్వే పోలీసులు, వారికి తోడుగా పనిచేసే పారిశుద్ధ్య కార్మికులు కూడా ఇదే వరుసలో ఉన్నారు. వీరి బాధ అధికారిక రికార్డులలో దాదాపు ఎక్కడా నమోదు కాదు.

లక్షణాలను గుర్తించడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలోని 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం ఈ రుగ్మతకు మూడు ప్రధాన లక్షణాలుంటాయి.

మొదటిది పునరనుభవం. జరిగినది జ్ఞాపకంలా కాకుండా ఇప్పుడే జరుగుతున్నట్లు తోస్తుంది. మెలకువలో దృశ్యంగా, నిద్రలో పీడకలగా, ఒక్కొక్కసారి వాసనగా లేదా శబ్దంగా తిరిగి వస్తుంది.

రెండవది తప్పించుకోవడం. ఆ స్థలాన్ని, ఆ సంభాషణను, ఆ ఆలోచనను దగ్గరికి రానీయకపోవడం. ప్రమాదం జరిగిన కిలోమీటరు రాయి వచ్చేసరికి లోకో పైలట్ చూపు మరల్చుకోవచ్చు. ఆ మార్గంలో డ్యూటీ పడినప్పుడల్లా సెలవు అడగవచ్చు.

మూడవది ముప్పు పొంచి ఉన్నదన్న భావన. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, నిరంతరం అప్రమత్తంగా ఉండటం, కంటికి కునుకు రాకపోవడం.

ఈ లక్షణాలు కనీసం కొన్ని వారాలు కొనసాగి, కుటుంబ జీవితాన్ని లేదా ఉద్యోగాన్ని గణనీయంగా దెబ్బతీసినప్పుడే రోగనిర్ధారణ చేస్తారు. అమెరికా ప్రమాణాల ప్రకారం నెల రోజులకు పైగా కొనసాగాలి. వీటికి తోడు అపరాధ భావన, ఎవరిపైనా ప్రేమ కలగకపోవడం, విసుగు, ఏకాగ్రత లోపించడం కూడా కనిపించవచ్చు. సిగ్నల్ రంగును గుర్తించి, సహచరుడితో కలసి గట్టిగా పలకవలసిన వృత్తిలో ఏకాగ్రత లోపం చిన్న లక్షణం కాదు.

మొదటి నెలలో చేయవలసినవి, చేయకూడనివి

సంఘటన జరిగిన తొలి రోజులలో నిద్ర పట్టకపోవడం, ఆ దృశ్యం కళ్లముందు మెదలడం, అకారణంగా కన్నీళ్లు రావడం సహజ ప్రతిస్పందనలు. వాటిని వెంటనే వ్యాధిగా భావించనవసరం లేదు. ఆ సమయంలో కావలసినవి సురక్షితమైన చోటు, తెలిసిన మనుషులు, భోజనం, విశ్రాంతి, తర్వాత ఏం జరుగుతుందన్న స్పష్టమైన సమాచారం. విచారణ ఎప్పుడు, వాంగ్మూలం ఎవరికి ఇవ్వాలి, తిరిగి విధులలోకి ఎప్పుడు రావాలి అన్నవి ముందే తెలిస్తే సగం ఆందోళన తగ్గుతుంది.

మాట్లాడాలనుకుంటే వినేవారుండాలి. మాట్లాడమని ఒత్తిడి చేయకూడదు. సంఘటన జరిగిన వెంటనే అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, జరిగినదంతా వివరంగా చెప్పించే పద్ధతి ఒకప్పుడు ప్రాచుర్యంలో ఉండేది. దానివల్ల పీటీఎస్‌డీ నివారణ కాదని పరిశోధనలు తేల్చాయి. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2018లో ఆ పద్ధతిని అనుసరించవద్దని స్పష్టం చేశాయి.

నిద్రమాత్రల విషయంలోనూ జాగ్రత్త అవసరం. డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి బెంజోడయాజెపిన్ తరగతి మందులను తొలి నెలలో ఆఘాత లక్షణాలకు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. అవి అలవాటుగా మారవచ్చు. మద్యం సంగతి వేరే చెప్పనక్కరలేదు. అది తొలి గంటలలో నిద్ర పట్టించినట్లు కనిపించి, తెల్లవారుజామున నిద్రను చెడగొడుతుంది. పీడకలలను తగ్గించదు. పైగా డ్యూటీ ఎక్కే ముందు శ్వాస పరీక్ష తప్పనిసరి అయిన లోకో పైలట్‌కు ఉద్యోగమే ప్రశ్నార్థకమవుతుంది.

నెల దాటినా లక్షణాలు తగ్గకపోతే, లేదా అంతకుముందే తీవ్రమైతే, వైద్యుని సంప్రదించాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగరాదు.

ఇంట్లో: దైనందిన జీవితంలో పాటించదగినవి

ఈ కింది పద్ధతులు చికిత్సకు ప్రత్యామ్నాయం కావు. చికిత్స అందేలోపు, చికిత్సతో పాటు రోజును గడపడానికి తోడ్పడతాయి.

పాత దృశ్యం ముంచుకొచ్చినప్పుడు మనసును వర్తమానానికి తీసుకురావడం మొదటిది. పాదాలను నేలకు గట్టిగా ఆనించాలి. చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు, వినిపించే మూడు శబ్దాలు, చేతికి తగిలే రెండు వస్తువులు నెమ్మదిగా పైకి చెప్పుకోవాలి. 'ఇవాళ ఫలానా తేదీ, నేను ఫలానా చోట ఉన్నాను, అది గడిచిపోయింది' అని మాతృభాషలో అనుకోవాలి. చన్నీళ్లతో ముఖం కడుక్కోవడం కూడా ఉపకరిస్తుంది.

శ్వాస రెండవది. పీల్చే సమయం కన్నా వదిలే సమయం ఎక్కువగా ఉండేలా, కొన్ని నిమిషాలపాటు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే గుండె వేగం తగ్గుతుంది. భయం లేని సమయంలో రోజూ అభ్యసించినప్పుడే భయం కలిగిన సమయంలో ఇది పనికివస్తుంది.

నిద్ర మూడవది. రాత్రి డ్యూటీలు, కాల్ వచ్చినప్పుడు లేచి వెళ్లవలసిన ఉద్యోగాలలో నిర్ణీత వేళకు నిద్రపోవడం సాధ్యం కాదు. అయినా డ్యూటీ దిగాక పగటి నిద్రకు చీకటి గది, ఫోను దూరంగా ఉంచడం, ఆ వేళ ఇంట్లో చప్పుడు తగ్గించడం కుటుంబం చేతిలో ఉన్నవే. పీడకలతో మేల్కొంటే చీకట్లో అలాగే పడుకోకుండా దీపం వేసి, లేచి కాసేపు కూర్చుని, గదిని గుర్తుపట్టి తిరిగి పడుకోవడం మేలు.

తప్పించుకునే అలవాటును మెల్లగా సడలించడం నాలుగవది. తప్పించుకున్న ప్రతిసారీ తక్షణ ఉపశమనం కలుగుతుంది. కానీ భయం బలపడుతుంది. మొదట స్టేషన్‌కు వెళ్లలేకపోయినవారు తర్వాత ఆ వీధికి, ఆపై బజారుకు వెళ్లలేకపోవచ్చు. చిన్న చిన్న అడుగులతో, వీలైతే ఒకరి తోడుతో, తిరిగి దగ్గర కావాలి. తీవ్రమైన లక్షణాలున్నవారు ఈ పనిని చికిత్సకుని పర్యవేక్షణలోనే చేయాలి.

కుటుంబసభ్యులు చేయగలిగినది చాలా ఉంది. 'అయిందేదో అయింది, మరచిపో' అనడం వల్ల మరపు రాదు. మాట్లాడే దారి మూసుకుపోతుంది. నిద్రలో ఉలిక్కిపడే మనిషిని తట్టి లేపకుండా కొంత దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి. అతని కోపం తమ మీద కాదని పిల్లలకు వారి వయసుకు తగిన మాటల్లో చెప్పాలి. గుడికి, దర్గాకు, చర్చికి వెళ్లి మనశ్శాంతి పొందేవారిని ఆపనక్కరలేదు. వైద్యం మానిపించకుండా ఉంటే చాలు. చనిపోయిన అపరిచితుని పేరున దీపం పెట్టడం, అన్నదానం చేయడం కొందరి అపరాధ భావనకు ఊరట కలిగిస్తుంది. ప్రమాద దృశ్యాల వీడియోలను వాట్సాప్‌లో పంపడం, చూడమనడం మాత్రం పూర్తిగా మానాలి.

ఉద్యోగంలో: తిరిగి విధులలోకి

తిరిగి పనిలోకి వెళ్లడం రెండు అంచుల మధ్య నడక. మరునాడే బండి ఎక్కించడం ఒక అంచు. భయం పూర్తిగా పోయేదాకా ఇంట్లోనే ఉండిపోవడం మరొక అంచు. పని మనిషికి క్రమాన్ని, గౌరవాన్ని, సహచరులను ఇస్తుంది. కాబట్టి పని నుంచి శాశ్వతంగా దూరం కావడం చాలామందికి మేలు చేయదు. అయితే నిద్ర, ఏకాగ్రత కుదుటపడకముందే భద్రతతో ముడిపడిన విధిని అప్పగించడం ఎవరికీ మేలు చేయదు.

ఈ రెండింటి మధ్య దారి అంచెలంచెలుగా ఉంటుంది. మొదట కొన్నాళ్లు లాబీలో గాని కార్యాలయంలో గాని విధులు. తర్వాత మరొక అనుభవజ్ఞుడైన లోకో పైలట్‌తో కలసి ఇంజన్‌లో ప్రయాణం. ఆ పిమ్మట పగటి డ్యూటీ, తక్కువ దూరం. చివరగా పూర్తి విధులు, సంఘటన జరిగిన మార్గం. ప్రతి అంచెలోనూ ముందుకు వెళ్లాలా, ఆగాలా అన్నది వైద్యుడు, ఉద్యోగి, పర్యవేక్షకుడు కలసి నిర్ణయించుకోవాలి.

భారతీయ రైల్వేలో లోకో పైలట్ల బృందాలకు చీఫ్ లోకో ఇన్‌స్పెక్టర్లు బాధ్యులుగా ఉంటారు. వారు స్వయంగా ఇంజన్ నడిపి వచ్చినవారే. సిబ్బందితో కలసి ప్రయాణిస్తూ లోపాలను సరిదిద్దుతారు. మార్పును అందరికన్నా ముందు గమనించగలిగేది వారే. ఎప్పుడూ సరదాగా ఉండే మనిషి మాట తగ్గించడం, ఒక మార్గం పేరు వినగానే సెలవు అడగడం, అనవసరంగా బ్రేకు వేయడం, సహాయకునిపై కసురుకోవడం వంటివి క్రమశిక్షణా లోపాలుగా నమోదయ్యే ముందు 'మీకు నిద్ర పడుతోందా?' అన్న ఒక్క ప్రశ్న అడగదగినవి.

సహోద్యోగుల పాత్ర కూడా చిన్నది కాదు. రన్నింగ్ రూములో 'నాకు ఇప్పటికి ఎన్నో అయ్యాయి, ఏమీ కాలేదు' అని కొత్తవారికి చెప్పే పెద్దలు ధైర్యం చెబుతున్నామనుకుంటారు. విన్నవాడికి మాత్రం తన బాధ చెప్పుకోకూడదని అర్థమవుతుంది. అదే పెద్దలు 'నాకు మొదటిసారి పదిహేను రోజులు అన్నం సహించలేదు' అని చెబితే చిన్నవాడు నోరు విప్పుతాడు.

దాచడానికి కారణం: జీతం, హోదా

లోకో పైలట్ ఉద్యోగానికి రైల్వేలో అత్యంత కఠినమైన ఎ-వన్ వైద్య ప్రమాణాలు వర్తిస్తాయి. ఆ స్థాయి నుంచి తొలగిస్తే వేరే ఉద్యోగం ఇస్తారు. కానీ నడిపిన కిలోమీటర్లను బట్టి లభించే రన్నింగ్ అలవెన్సు ఆగిపోతుంది. ఇంటి రుణపు కిస్తీలు, పిల్లల చదువులు ఆ మొత్తం మీద ఆధారపడి ఉన్న కుటుంబానికి అది గట్టి దెబ్బ. మానసిక వ్యాధి పేరు ఫైలులో ఎక్కితే తిరిగి ఇంజన్ ఎక్కనీయరన్న భయం కూడా తోడవుతుంది. అందువల్ల నిద్ర లేని ఉద్యోగి 'ఫిట్' అని సంతకం చేసి డ్యూటీ ఎక్కుతాడు.

ఈ పరిస్థితిని కేవలం అవగాహన సదస్సులు మార్చలేవు. తాత్కాలికంగా విధుల నుంచి తప్పుకున్న కాలంలో ఆదాయం గణనీయంగా తగ్గదన్న హామీ, చికిత్స పూర్తయితే తిరిగి పూర్వస్థానం లభిస్తుందన్న స్పష్టత ఉన్నప్పుడే ఉద్యోగి నిజం చెబుతాడు. కాలు విరిగినవాడు కట్టు విప్పాక తిరిగి ఇంజన్ ఎక్కుతున్నప్పుడు, మనసుకు తగిలిన గాయం మానినవాడు ఎక్కకూడదనడానికి వైద్యపరమైన కారణం లేదు.

చట్టం ఏమంటోంది

2018 మే 29 నుంచి అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ నిధులతో నడిచే సేవల నుంచి మానసిక చికిత్స పొందడం ప్రతి వ్యక్తి హక్కు. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని 23వ సెక్షన్ నిర్దేశిస్తోంది. ఇతరులకు హాని కలగకుండా నివారించవలసి వచ్చినప్పుడు మాత్రం ఈ గోప్యతకు మినహాయింపులున్నాయి. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా వర్తింపజేయాలని 21వ సెక్షన్ చెబుతోంది. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించి సంరక్షణ కల్పించాలని 115వ సెక్షన్ ఆదేశిస్తోంది.

వికలాంగుల హక్కుల చట్టం, 2016 మానసిక వ్యాధిని వైకల్యాల జాబితాలో చేర్చింది. ఉద్యోగకాలంలో వైకల్యం కలిగిన వ్యక్తిని ప్రభుత్వ సంస్థలు తొలగించరాదని, హోదా తగ్గించరాదని, ఆ పోస్టుకు తగకపోతే అదే వేతన శ్రేణిలో మరో పోస్టుకు మార్చాలని 20వ సెక్షన్ చెబుతోంది. పీటీఎస్‌డీ ఉన్న ప్రతివారూ ఈ నిర్వచనంలోకి రారు. ఆలోచనను, వ్యవహార శైలిని తీవ్రంగా దెబ్బతీసిన సందర్భాలకే ఇది వర్తిస్తుంది. మానసిక వైకల్యం ఉన్న ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో సుప్రీంకోర్టు 2021 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పు కూడా గమనార్హం. వైకల్యంతో ముడిపడిన ప్రవర్తనపై క్రమశిక్షణా చర్య తీసుకోవడం పరోక్ష వివక్ష కాగలదని ఆ తీర్పు స్పష్టం చేసింది.

చికిత్స ఎలా ఉంటుంది

ఆఘాతంపై దృష్టి నిలిపే మాటల చికిత్సలే ఈ వ్యాధికి ప్రధాన వైద్యం. జరిగిన సంఘటనను సురక్షిత వాతావరణంలో, క్రమపద్ధతిలో తిరిగి ఎదుర్కొని, 'నాదే తప్పు' వంటి భావనలను పరీక్షించడం వీటి సారం. కంటి కదలికలతో కూడిన ఈఎండీఆర్ అనే పద్ధతికి కూడా శాస్త్రీయ ఆధారం ఉంది. సాధారణంగా 8 నుంచి 12 సార్లు చికిత్సకుని కలవవలసి ఉంటుంది. మొదటి కొన్ని సార్లు బాధ పెరిగినట్లు అనిపించవచ్చు. ఆ దశలో మానివేయకపోవడం ముఖ్యం.

మందులు అవసరమైనప్పుడు సెర్ట్రలీన్, పారోక్సెటీన్ వంటి వాటిని మనోవైద్యులు సూచిస్తారు. ఇవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తనంతట తాను ఆపడం మంచిది కాదు. రైలు, బస్సు, లారీ నడిపేవారు, ఎత్తైన చోట్ల పనిచేసేవారు తమ వృత్తిని తొలి సంప్రదింపులోనే వైద్యునికి చెప్పాలి. మగత కలిగించే మందుల ఎంపిక, డ్యూటీ వేళలు దానిపై ఆధారపడి ఉంటాయి.

సహాయం ఎక్కడ లభిస్తుంది

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. రోజంతా పనిచేసే ఈ సేవ తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో లభిస్తుంది. ఫోను చేసినవారు తమకు కావలసిన భాషను ఎంచుకోవచ్చు. ఇతర రాష్ట్రాలలో నివసించే తెలుగువారికి ఇది ప్రత్యేకంగా ఉపయోగపడుతుంది. చనిపోవాలన్న ఆలోచన వచ్చినవారు, అటువంటివారు ఇంట్లో ఉన్న కుటుంబాలు కూడా ఇదే నంబరును సంప్రదించవచ్చు.

బిలాస్‌పూర్ సమీపంలోని సేంద్రీలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర మానసిక చికిత్సాలయం ఉంది. రైల్వే ఉద్యోగులు, వారి కుటుంబాలు బిలాస్‌పూర్‌లోని జోన్ కేంద్ర రైల్వే ఆసుపత్రిని సంప్రదించవచ్చు. తెలుగు రాష్ట్రాలలో హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఈ సేవలు అందిస్తాయి. రైల్వే వైద్యుని వద్ద చెప్పడానికి సంకోచించేవారు మొదట ఫోను సేవతోనో, జిల్లా ఆసుపత్రితోనో ప్రారంభించవచ్చు.

వైద్యుని వద్దకు వెళ్లేముందు ఒక కాగితంపై నాలుగు విషయాలు రాసుకోవడం ఉపయోగకరం. సంఘటన జరిగిన తేదీ, నిద్ర పట్టిన గంటలు, ఏయే సందర్భాలలో భయం తిరిగి వస్తోంది, ఏయే పనులు మానుకోవలసి వచ్చింది. మాట పెగలని క్షణంలో ఆ కాగితాన్ని వైద్యుని చేతికి ఇస్తే చాలు, సంప్రదింపు మొదలవుతుంది.